ఫ్రెట్‌లు మార్పించాక బేస్‌లో జోరీగ

ప్రశ్న: నాది నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటార్. 34 అంగుళాల స్కేలు (ఖాళీ తీగ ఊగే పొడుగు), నెక్ అనే పొడుగు చెక్క మీద అడ్డంగా దిగగొట్టిన 20 ఫ్రెట్‌లు (లోహపు పట్టీలు). తీగల కింద గుంటలు పడేంతగా ఫ్రెట్‌లు అరిగిపోయాయని అన్నీ తీయించి కొత్తవి వేయించాను. పాతవాటికంటే ఇవి కాస్త ఎత్తు. తెచ్చుకున్న రోజు నుంచే బజ్ మొదలైంది. లావు తీగ ఖాళీగా మీటితే జుయ్‌మంటుంది. దాని పక్కనున్న ఎ (A) తీగ మీద 5వ ఫ్రెట్ నొక్కితే గరగరమంటుంది. సన్న తీగ మీద 14 దాటాక నోట్లు పలికీ పలకగానే చచ్చిపోతున్నాయి. రిపేరు చేసినాయన్ని అడిగితే 'తీగలు పైకి లేపుకోండి, కొన్నాళ్లకి అదే సెట్ అయిపోతుంది' అన్నారు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర లేపాను. ఇప్పుడు వేళ్లు నొప్పి పెడుతున్నాయి, లావు తీగ బజ్ మాత్రం అలాగే ఉంది. ఎత్తుగా ఉన్న ఫ్రెట్‌లని నేనే ఆకురాయితో రాసేయనా? లేక నెక్ మార్పించాలా?

సమాధానం: ముందు ఆ ఆకురాయి తీసుకెళ్లి డబ్బాలో పెట్టేయండి. నెక్ మార్చే మాట అసలే వద్దు. మూడు చోట్లా వచ్చే మోత చెవికి ఒకటే అనిపిస్తుంది గానీ, మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు వేరువేరు జబ్బులు కనిపిస్తున్నాయి. ఒకటి నట్‌ది (నెక్ పై కొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ), ఒకటి ఏదో ఒక్క ఫ్రెట్‌ది, ఒకటి నెక్ చివరి భాగానిది. మూడింటికీ కలిపి 'తీగలు లేపడం' అనే ఒకే మందు వేశారు. అది కాస్తా వేళ్లకి చుట్టుకుంది.

అన్నట్టు, మీరు 'లావు తీగ' అని రాయడం బాగుంది. 'ఇ (E) తీగ' అని రాస్తే సగం మంది 'ఈ తీగ' అని చదువుతారు. రిపేరు బల్ల దగ్గర నోటితో చెప్పినా ఇదే తికమక. నేనూ అలాగే అంటాను.

తీగ లేపినా లావు తీగ మోత ఎందుకు తగ్గలేదో చూడండి. 34 అంగుళాలంటే సుమారు 864 మి.మీ. నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి ఉన్న దూరం అందులో 48 మి.మీ. పైచిలుకు మాత్రమే. మీరు బ్రిడ్జ్ మీద తీగని మోసే సాడిల్ లేపినప్పుడు తీగ అవతలి కొస నట్‌లోనే ఉండిపోతుంది. తలుపు తెరిచినప్పుడు గడియ వైపు జానెడు కదిలితే బందు వైపు కదిలీ కదలనట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే. సాడిల్ 1 మి.మీ. లేపితే 12వ ఫ్రెట్ మీద తీగ అర మి.మీ. లేస్తుంది. మొదటి ఫ్రెట్ మీద లేచేది 0.06 మి.మీ. కూడా ఉండదు, వెంట్రుక మందం అన్నమాట. నట్ దగ్గరి జబ్బుకి బ్రిడ్జ్ దగ్గర ఎంత తిప్పినా ఇంతే.

కాబట్టి సాడిళ్లని మళ్లీ మామూలు ఎత్తుకి దించండి. 17వ ఫ్రెట్ తల మీంచి తీగ అడుగు వరకు లావు తీగకి 2.4 మి.మీ., సన్న తీగకి 2 మి.మీ. దగ్గర పెడితే చాలు. ఇది మొదలుపెట్టడానికి ఒక కొలత మాత్రమే, శిలాశాసనం కాదు.

తర్వాత ఒక కాగితం తీసుకుని పట్టిక గీయండి. తీగకో వరస, ఫ్రెట్‌కో గడి, ప్రతి వరస మొదట్లో ఖాళీ తీగకి ఇంకో గడి. ట్యూనింగ్ సరిచేసి, మీరు రోజూ వాయించే బలంతోనే ఒక్కో నోటూ మీటండి. శుభ్రంగా పలికితే గడి ఖాళీగా వదిలేయండి. బజ్ చెక్కలోంచి వినిపిస్తూ యాంప్‌లోంచి వినిపించకపోతే చుక్క పెట్టండి. యాంప్‌లోంచి కూడా వస్తుంటే ఇంటూ కొట్టండి. 80 నోట్లు, నాలుగు ఖాళీ తీగలు, అరగంట పని. చుక్కల గురించి టెన్షన్ పడొద్దు. లావు తీగ సెకనుకి 41 సార్లే ఊగుతుంది, ఆ ఊపు మాత్రం వెడల్పుగా ఉంటుంది. గట్టిగా మీటితే ఎక్కడో ఒకచోట ఫ్రెట్‌ని ముద్దు పెట్టుకోకుండా ఉండదు. చాలామంది బేస్ వాయించేవాళ్లకి ఆ గరుకే ఇష్టం కూడా. మన గొడవంతా ఇంటూలతోనే.

ఇంటూలు ఎలా పడ్డాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఒక తీగ మీద ఒక్క గడిలోనే ఇంటూ ఉందా, వరసగా నాలుగైదు గళ్లు నిండాయా, నాలుగు తీగల మీదా ఒకే చోట పడ్డాయా అన్నది చూడండి. రిపేరు చేసినాయన దగ్గరికి వెళ్లి 'బజ్ వస్తోంది' అనడానికీ, ఈ కాగితం బల్ల మీద పెట్టడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు నెక్. ఏ ఫ్రెట్‌నైనా అనుమానించే ముందు నెక్ వంపు చూడాలి, ఎందుకంటే మిగతా కొలతలన్నీ దాని మీదే ఆధారపడతాయి. కొత్త ఫ్రెట్‌లు వేసినప్పుడు ఈ వంపు మారడం మామూలే. ఫ్రెట్ అడుగున చెక్కలోకి దిగే సన్నటి కాలు ఒకటి ఉంటుంది, దాన్ని టాంగ్ అంటారు. ఆ కాలు గాడికంటే రవ్వంత మందంగా ఉంటే, దిగగొట్టినప్పుడు గాడిని రెండు పక్కలకీ నెడుతుంది. ఒక్కో గాడి 0.02 మి.మీ. తెరుచుకుందనుకోండి, 20 గాళ్లకి కలిపి 0.4 మి.మీ. అవుతుంది. నెక్ ముందు వైపు అంత సాగి వెనక వైపు సాగకపోతే నెక్ వెనక్కి వంగుతుంది. అంటే ఫ్రెట్‌ల వైపు మధ్యలో మిట్ట లేస్తుంది, తీగలు ఆ మిట్టకి రాసుకుంటాయి.

చూసే పద్ధతి తేలికే. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగల్ని నొక్కి ఉంచే బిగింపు) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట లావు తీగని నొక్కి పట్టుకోండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలుబద్ద. 7, 8 ఫ్రెట్‌ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.3 మి.మీ. దగ్గరి సందు ఉండాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు దూర్చి చూడండి, మామూలు కార్డు మందం దాదాపు అంతే ఉంటుంది. కార్డు తీగని పైకి లేపకుండా, ఒరుసుకుంటూ వెళ్తే సరిపోయినట్టే. సందే లేకుండా తీగ ఫ్రెట్‌ల మీద పడుకుని ఉంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపుని సరిచేసే లోహపు కడ్డీ) వదులు చేయాలి. రాడ్ బోల్టు మీ ముఖం వైపు ఉండేలా చూసుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా, పావు చుట్టు. అంతకు మించి ఒక్కసారే తిప్పకండి. మళ్లీ ట్యూన్ చేసి కొలవండి, చాలకపోతే ఇంకో పావు. సరిపోయిందనిపించాక మర్నాడు మళ్లీ ఒకసారి కొలవండి, చెక్క వెంటనే మాట వినదు. సరైన సైజు కీనే వాడండి. గట్టిగా బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు, ఆ బోల్టు తల పాడైతే తర్వాత పెద్ద పని. రాడ్ పూర్తిగా వదులైనా సందు రాలేదంటే ఫ్రెట్‌లు మరీ బిగువుగా దిగాయని అర్థం. అది మీ చేతిలో పని కాదు, వేసినాయన దగ్గరికే వెళ్లాలి.

వంపు సరిపడగానే పట్టికలో కొన్ని ఇంటూలు వాటంతట అవే చెరిగిపోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి తీయకూడదు కాబట్టే దీన్ని ముందు పెట్టాను.

లావు తీగ ఖాళీగా మీటినప్పుడు వచ్చే జోరీగకి వస్తే, నా అనుమానం పూర్తిగా నట్ మీదే. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: కొత్త ఫ్రెట్‌లు పాతవాటికంటే ఎత్తు అన్నారు. పాత ఫ్రెట్ అరిగి 0.8 మి.మీ.కి వచ్చి, కొత్తది 1.2 మి.మీ. ఉందనుకుందాం. నట్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా, ఫ్రెట్‌ల లెక్కలో అది 0.4 మి.మీ. కిందికి దిగిపోయినట్టే. ఎత్తు ఫ్రెట్‌లు వేసినప్పుడు నట్ మార్చడమో కింద చెక్క పెట్టి లేపడమో కూడా ఆ పనిలో భాగమే. మీ విషయంలో అది మర్చిపోయినట్టున్నారు.

రుజువు కావాలంటే లావు తీగని 2, 3 ఫ్రెట్‌ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగని వేలితో తట్టండి. సన్నటి 'టిక్' వినిపించాలి. అంటే తీగ కాస్త కిందికి వెళ్లి ఫ్రెట్‌కి తగిలింది, అంత సందు ఉంది. కాగితం దూరేంత సందు ఉన్నా సంతోషమే. తట్టినా చప్పుడు లేకపోతే తీగ అప్పటికే ఫ్రెట్ మీద కూర్చుని ఉన్నట్టు, నట్ గాడి లోతైపోయినట్టు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఖాళీ తీగ గరగరమంటూ, అదే తీగ మీద 1, 2, 3 ఫ్రెట్‌లు నొక్కితే శుభ్రంగా పలికితే దోషి నట్టే. నొక్కిన మరుక్షణం ఆటలోంచి నట్ తప్పుకుంటుంది కదా.

దీనికి మందు మూడు రకాలు. అన్నిటికంటే మంచిది కొత్త నట్ కోయించడం. రెండోది, ఉన్న నట్‌ని జాగ్రత్తగా ఊడదీసి కింద పల్చటి చెక్కముక్క అతికించి మళ్లీ పెట్టడం. నాలుగు గాళ్లూ ఒకే రకంగా తగ్గి ఉంటే ఇది చక్కగా కుదురుతుంది. మూడోది ఎమర్జెన్సీ పని: ఒక్క గాడే లోతైతే అందులో ఎముక పొడి గానీ వంటసోడా గానీ నింపి, పల్చటి సూపర్ గ్లూ ఒక చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుంది, ఆపైన మళ్లీ గాడి కోసుకోవచ్చు. కానీ బేస్ తీగలు లావు, ఆ అతుకు మీద రాసుకుని రాసుకుని త్వరగా అరిగిపోతుంది. నెలల మాటే తప్ప ఏళ్ల మాట కాదు.

ఇక ఎ తీగ మీద 5వ ఫ్రెట్. ఇక్కడే చాలామంది తప్పు ఫ్రెట్‌ని పట్టుకుంటారు. 5 నొక్కినప్పుడు బజ్ వస్తే, 5 మీద తీగ గట్టిగా ఆని ఉంటుంది, అక్కడ ఊగదు. ఊగే భాగం 6 నుంచి బ్రిడ్జ్ వరకు ఉన్నది. కాబట్టి చాలాసార్లు తగులుతున్నది 6వ ఫ్రెట్. మీ పట్టిక చూడండి. 5తో పాటు 4లో, 3లో కూడా ఇంటూలుండి, 6 నొక్కితే శుభ్రంగా పలికితే, 6 ఎత్తుగా ఉంది. 5లో మాత్రమే ఇంటూ ఉండి, అటూ ఇటూ అంతా బాగుంటే, 5 తక్కువ ఎత్తులో ఉండే అవకాశమూ ఉంది. మీరు 5 ఎత్తుగా ఉందనుకుని ఆకురాయి పెట్టి ఉంటే బజ్ పెరిగేదే తప్ప తగ్గేది కాదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టింది.

మూడు ఫ్రెట్‌ల మీద మాత్రమే ఆనేంత పొట్టి ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది, ఫ్రెట్ రాకర్ అంటారు. దాన్ని 5, 6, 7 మీద పెట్టి అటూ ఇటూ నొక్కితే, మధ్య ఫ్రెట్ ఎత్తుంటే తూగుబల్లలా టకటకమని ఊగుతుంది. తీగ నడిచే దారిలోనే పెట్టి చూడాలి. ఒక ఫ్రెట్ లావు తీగ కింద సరిగ్గా ఉండి, ఎ తీగ కింద లేచి ఉండొచ్చు. ఇంట్లో అది లేకపోతే, తిన్నటి అంచున్న ప్లాస్టిక్ కార్డుతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఎత్తున్న ఫ్రెట్ దొరికింది. ఇప్పుడు రాసేయొచ్చా అంటే, ఇప్పుడూ వద్దు. అది ఎత్తుగా ఉందా, లేక లేచి ఉందా?

ఈ తేడా నేను నేర్చుకుంది ఒక తప్పు చేసి. కొత్తల్లో ఒక బేస్‌కి 9వ ఫ్రెట్ ఎత్తుందని కనిపెట్టి, దాన్ని శ్రద్ధగా రాసి, గుండ్రంగా చేసి, అద్దంలా మెరుగు పెట్టి ఇచ్చాను. బల్ల మీద ఒక్క బజ్ లేదు. మూడు వారాలకి అదే బేస్ అదే మోతతో తిరిగొచ్చింది. ఆ ఫ్రెట్ గాడిలో వదులుగా ఉంది. ఆకురాయి నొక్కినప్పుడు కిందికి దిగి, చెయ్యి తీయగానే స్ప్రింగులా మెల్లగా పైకి వస్తోంది. నేను రాసిందంతా పక్క ఫ్రెట్‌లనే. చివరికి ఆ ఒక్కటి సరిగ్గా అతికించి, నేనే చెడగొట్టిన పక్కవాటితో సహా మొత్తం మళ్లీ మట్టం చేయాల్సి వచ్చింది. పని రెండింతలు, సిగ్గు అదనం.

అప్పటి నుంచి నేను చేసే పరీక్ష ఇది, మీరూ చేయొచ్చు. ఒక పుల్లముక్క మొనతో, అనుమానమున్న ఫ్రెట్‌ని ఎ తీగ పక్కనే గట్టిగా కిందికి అదిమి పట్టుకోండి. ఇంకొకరిని 5 నొక్కి మీటమనండి. అదిమినప్పుడు బజ్ పోయి, వదలగానే మళ్లీ వస్తే ఆ ఫ్రెట్ లేచి ఉన్నట్టే, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఫ్రెట్ కొసలు కూడా గోటితో తడిమి చూడండి. కొస కింద సన్నటి కాగితం దూరితే అక్కడా చెక్కని వదిలేసినట్టే. మందు ఏమిటంటే, ఫ్రెట్‌ని ప్లాస్టిక్ తలున్న చిన్న సుత్తితో తట్టి కూర్చోబెట్టి, గాడిలోకి పల్చటి సూపర్ గ్లూ ఇంకనిచ్చి, గట్టిపడేవరకు క్లాంపుతో బిగించి ఉంచడం. చెప్పడానికి సులువు గానీ, ఒక చుక్క జారి ఫింగర్‌బోర్డు పాలిష్ మీద పడితే ఆ మచ్చ పోదు. మీరు ఇంతకు ముందెప్పుడూ చేయకపోతే వదిలేయండి.

అన్ని ఫ్రెట్‌లూ గట్టిగా కూర్చున్నాయని తేలాకే మట్టం చేయడం. నెక్‌ని తిన్నగా సెట్ చేసి, ఫ్రెట్ తలలన్నిటి మీదా మార్కర్‌తో గీత గీసి, తిన్నటి పొడుగు దిమ్మకి గరుకు కాగితం అతికించి నెక్ పొడుగునా మెల్లగా లాగుతారు. ప్రతి తల మీదా రంగు కాస్త పోయేవరకు. ఎత్తువి తగ్గి అన్నీ ఒకే మట్టానికి వస్తాయి, కానీ తలలు చదునైపోతాయి. చదును తల మీద తీగ సరిగ్గా ఒకచోట ఆనదు, స్వరం కూడా కాస్త పక్కకి పోతుంది. అందుకే మళ్లీ ఒక్కోటీ గుండ్రంగా చేసి మెరుగు పెడతారు, క్రౌనింగ్ అంటే అదే. 1951లో అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 34 అంగుళాల స్కేలుతో ఫ్రెట్‌లున్న ఎలక్ట్రిక్ బేస్ తెచ్చి దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టింది, ఫ్రెట్‌ల వల్ల స్వరం కచ్చితంగా దొరుకుతుందనే. ఆ కచ్చితత్వం 20 తలలూ మట్టంగా ఉన్నంత సేపే. కొత్త ఫ్రెట్‌లు వేశాక మట్టం చేయకుండా ఇవ్వడమంటే బట్ట కుట్టి కాజాలు తీయకుండా ఇచ్చినట్టు. మీ వాటి తలలు చేతిభూతద్దంతో చూడండి. ఒక్కదాని మీద కూడా ఆకురాయి ఆనవాలు గానీ కొత్త మెరుగు గానీ కనిపించకుండా, చుట్టలోంచి అప్పుడే తీసిన ఫ్రెట్ తీగలాగే ఉంటే ఆ పని జరగలేదేమో అడగండి.

14 దాటాక సన్న తీగ చచ్చిపోవడానికి కారణం చాలావరకు నెక్ కాళ్ల దగ్గరుంటుంది. బోల్టులతో బిగించిన నెక్‌లలో బాడీ మీద కూర్చునే ఆ చివరి భాగం ఏళ్ల తరబడి తీగల లాగుడుకి కాస్త పైకి లేస్తుంది. పక్క నుంచి చూస్తే నెక్ తిన్నగా వచ్చి చివర్లో చిన్న ఎత్తు ఎక్కినట్టు కనిపిస్తుంది. ట్రస్ రాడ్ ప్రభావం అక్కడ దాదాపు ఉండదు. నెక్ అడుగున, అది బాడీలో కూర్చునే చోట పల్చటి షిమ్ (ఎత్తు కోసం పెట్టే ముక్క) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దాంతో నెక్ కోణం మారి సాడిల్ ఎత్తు దారికొస్తుంది గానీ, ఆ మిట్ట మిట్టలాగే ఉంటుంది. సరైన పని ఫ్రెట్‌లు వేసే ముందే చెక్కని అక్కడ కాస్త తగ్గించడం. ఇప్పుడు ఫ్రెట్‌లు పడిపోయాయి కాబట్టి, చివరి ఐదారు ఫ్రెట్‌లని మిగతా మట్టంకంటే ఒక పిసరు దిగువకి రాయడం. కొత్త ఫ్రెట్‌లు ఎత్తుగానే ఉన్నాయి కాబట్టి రాయడానికి మీకు చోటుంది, అది మీ అదృష్టం.

ఇన్నీ చేశాక కూడా ఒక్క నోటు మాత్రం మొండిగా జుయ్‌మంటుంటే, అది ఫ్రెట్ మోత కాకపోవచ్చు. ఒకసారి ఒక బేస్‌తో సగం రోజు కుస్తీ పట్టాను. ఎ తీగ ఖాళీగా మీటినప్పుడే మోత, ఇంకెక్కడా లేదు. చివరికి వాయిస్తూ ఒక్కో భాగాన్నీ వేలితో ముట్టుకుంటూ పోతే, సన్న తీగ ట్యూనర్ వాషర్ మీద వేలు పెట్టగానే నిశ్శబ్దం. ఎ తీగ 55 హెర్ట్జ్ కంపనానికి అది తాళం వేస్తోంది, నేనేమో ఫ్రెట్‌లని తిడుతున్నాను. సాడిల్ ఎత్తు స్క్రూలు, వాటి స్ప్రింగులు, హెడ్ మీద తీగల్ని అదిమి ఉంచే బిళ్ల, వదులు చేసిన ట్రస్ రాడ్ బోల్టు, ఇవన్నీ ఇలాంటి కొంటె పనులు చేస్తాయి. తీగల కింద ఉండి వాటి ఊపుని యాంప్‌కి పంపే పికప్ మరీ దగ్గరగా ఉన్నా దాని అయస్కాంతం తీగని లాగి ఊపుని పాడుచేస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే తీగకీ పికప్‌కీ మధ్య 2.5 నుంచి 3 మి.మీ. ఉంటే భయం లేదు.

'కొన్నాళ్లకి అదే సెట్ అవుతుంది' అన్న మాటలో పావు వంతు నిజముంది. కొత్త ఫ్రెట్‌ల తర్వాత నెక్ కొన్ని రోజులు కదులుతుంది, పూర్తి ట్యూనింగ్‌లో ఉంచి వారం తర్వాత వంపు మళ్లీ చూడాలి. కానీ లోతైన నట్ గాడి తనంతట తాను పైకి రాదు, లేచిన ఫ్రెట్ తనంతట తాను దిగదు. ఆయన మోసం చేశారని నేననను. పని చేసి, చివరి సెటప్ ఒక్కటి వదిలేసినట్టుంది. పట్టిక తీసుకెళ్లండి, మర్యాదగానే మూడు అడగండి. ఫ్రెట్‌లు వేశాక మట్టం చేశారా? 6వ ఫ్రెట్ ఎ తీగ కింద గట్టిగా కూర్చుందా? కొత్త ఫ్రెట్ ఎత్తుకి తగ్గట్టు నట్ చూశారా? ఆ మూడూ సరిచేసి ఇవ్వడం ఆయన బాధ్యతే. తీగలు ఇంకా లేపుకోమంటే మాత్రం ఇంకొకరిని వెతుక్కోండి.

బేస్ తిరిగొచ్చాక ట్రస్ రాడ్, సాడిల్ ఎత్తు మీరే చూసుకోవచ్చు. ఎత్తు మారింది కాబట్టి 12వ ఫ్రెట్ నొక్కిన స్వరాన్ని, అక్కడే తీగని తాకీ తాకనట్టు పట్టి మీటితే వచ్చే హార్మోనిక్‌తో పోల్చి ఇంటొనేషన్ (నొక్కిన చోటల్లా స్వరం సరిగ్గా పలకడం) కూడా మళ్లీ సరిచేయండి. తీగల గేజ్ (మందం) ఇప్పుడే మార్చొద్దు. లాగుడు మారితే నెక్ వంపు మళ్లీ మారుతుంది, ఏది దేనివల్ల వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. పాత పట్టిక పక్కన కొత్త కాగితం పెట్టుకుని, అదే బలంతో, ఆ గళ్లన్నీ మళ్లీ వాయించి చూడండి. ఇంకా ఇంటూలు మిగిలితే ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది రాసి పంపండి.